పూటకాపు ఎవరు?

2000వ సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మన బందరు పేటల్లో వారానికొకసారి పొద్దున్నే ఒక కూటం జరిగేది. ఏడు గంటలకల్లా ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు వదిలేసి వచ్చి, ఎవరో ఒకరి వసారాలో చాపల మీద వరుసగా కూర్చునేవారు. మొదట అందరూ కలిసి ఒక ప్రతిజ్ఞ చెప్పేవారు. తర్వాత హాజరు. ఆ తర్వాత ఒక్కొక్కరే చేతిలో నలిగిన నోట్లు తెచ్చి ముందు పెట్టేవారు. దూరం నుంచి చూసినవారికి అది స్త్రీల సమాజం ప్రార్థన కూటమే అనిపించేది. అవే చాపలు, ఆ మనుషులే. కానీ అక్కడ పాట లేదు, ప్రార్థన లేదు. అది సూక్ష్మ రుణ సంస్థవారి సెంటర్ మీటింగ్.

ఒక వారం ఒకామె దగ్గర వాయిదా డబ్బు లేకపోయేది. పిల్లాడికి జ్వరమో, భర్తకు పని దొరకకపోవడమో, ఏదో ఒకటి. వసూలుకు వచ్చిన కుర్రవాడు లేచేవాడు కాదు. మిగతా ఆడవాళ్ళను లేవనిచ్చేవాడూ కాదు. తొమ్మిదయ్యేది. కూలికి పోవలసినవారికి కూలి పోయేది. బడికి పోవలసిన పిల్లలు అన్నం కోసం గుమ్మంలో నిలబడేవారు. చివరికి నలుగురూ తలా ఇరవై, ముప్పై వేసి ఆమె వాయిదా కట్టేవారు. వెళ్తూ వెళ్తూ తలా ఒక మాటా అనేవారు.

ఆ ఆదివారం ఆమె గుడికి వచ్చేది కాదు. ‘ఒంట్లో బాగాలేదటండీ’ అని పక్కింటివారు అయ్యగారికి చెప్పేవారు. మేమూ అదే నమ్మాం. ఆమె స్వస్థత కోసం ప్రార్థన చేశాం కూడా. అసలు సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె ప్రభువుకు మొహం చాటెయ్యలేదు. పక్కన కూర్చుని ఒకే పాటల పుస్తకంలో చూసి పాడే వదినకు మొహం చూపించలేకపోయింది.

డబ్బు లోకంలో ఏం చేస్తోందో పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవారున్నారు. మాకు అర్థమైనది ఈ ఖాళీ చోటు దగ్గరే.

పొరుగువాని ప్రేమే తాకట్టు

ఒక లెక్క చూద్దాం. అప్పు 10,000 రూపాయలు. వడ్డీ నూటికి 15. కట్టవలసింది 50 వారాలు. మొత్తం 11,500, అంటే వారానికి 230 రూపాయలు. వినడానికి ఇది భారంగా అనిపించదు. కానీ మొదటి వారం నుంచే అసలు తీరిపోతూ వస్తుంది. సగం వారాలు గడిచేసరికి ఆమె దగ్గర మిగిలిన అసలు 5,000 మాత్రమే. వడ్డీ మాత్రం చివరిదాకా 10,000 మీదే పడుతుంది. కాబట్టి పైకి 15 అని చెప్పినా నిజంగా పడేది ముప్పైకి దగ్గరగా ఉంటుంది.

న్యాయంగా మాట్లాడాలంటే, రోజు వడ్డీ, వారం వడ్డీ వ్యాపారులతో పోల్చితే ఇది తక్కువే. బ్యాంకు మెట్లెక్కడానికి భయపడే ఆడమనిషికి ఏ కాగితమూ అడగకుండా ఇంటి ముంగిటికే వచ్చి డబ్బు ఇచ్చారు. ఆ డబ్బుతో గేదెను కొనుక్కున్నవారు, కుట్టుమిషను పెట్టుకున్నవారు, పిల్లను కాలేజీకి పంపినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. వారి సాక్ష్యాన్ని మనం తీసిపారేయకూడదు.

మరి చిక్కు ఎక్కడుంది? బ్యాంకు పొలం కాగితాలో బంగారమో తాకట్టు అడుగుతుంది. రెండూ లేని ఇంట్లో తాకట్టు పెట్టడానికి ఏముంది? ఇరుగుపొరుగు ఉంది. ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాలన్న నియమంతో ఆ ఇరుగుపొరుగునే తాకట్టు పెట్టించుకున్నారు. తరతరాలుగా ఒకరి ఇంట పురుడొస్తే ఇంకొకరు వంట చేసి పంపిన పేటల్లో, ఉప్పూ పప్పూ చేబదులు నడిచిన పేటల్లో, ఆ మంచితనమే హామీ పత్రమైంది. పొరుగామెకు జ్వరం వస్తే ‘పాపం’ అని మొదట అనవలసిన నోట ‘ఈ వారం కడుతుందా?’ అన్న ప్రశ్న ముందు వచ్చింది. పెట్టుబడి మన జేబును మాత్రమే ముట్టుకుని ఊరుకోలేదు. పక్కింటివారిని మనం చూసే చూపును మార్చింది.

దీని ఫలితం బయటపడడానికి ఎన్నో ఏళ్ళు పట్టలేదు. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లా పేరు దేశమంతా వినబడింది. వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారన్న ఆరోపణల నడుమ, జిల్లా యంత్రాంగం సూక్ష్మ రుణ సంస్థల శాఖలను సుమారు 50 మూయించింది. ఆ తర్వాత రాజీలు, నియమావళులు వచ్చాయి. వ్యాపారం మళ్ళీ పుంజుకుంది. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ వాటాలు స్టాక్ మార్కెట్‌లోకి వచ్చాయి. ఆ వాటాల అమ్మకంలో 1,600 కోట్ల రూపాయలకు పైగా సమకూరింది. రెండు నెలలు తిరిగేసరికి, అదే ఏడాది అక్టోబరులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. అసలుకు మించి వడ్డీ వసూలు చేయకూడదన్నది అందులో ఒక నియమం. 2011లో అది చట్టమైంది.

చట్టంతో ఆ చాపల కూటాలు చాలా చోట్ల ఆగిపోయాయి. అవసరం మాత్రం ఆగలేదు. ఆసుపత్రి ఖర్చు, పెళ్ళి ఖర్చు, ఫీజులు ఎప్పటిలాగే ఉన్నాయి. చాలామంది మళ్ళీ పాత వడ్డీ వ్యాపారి గుమ్మమే తొక్కారు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన ‘కాల్ మనీ’ దారుణాలు ఆ గుమ్మం లోపల ఏం జరుగుతుందో చూపించాయి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది.

రేవులో దిగిన వాటాలు

ఇదంతా కొత్త సంగతి అనుకుంటే పొరపాటు. మన బందరు రేవు ఈ కథ మొదటి అధ్యాయాన్నే చూసింది. 1602లో హాలెండు దేశంలో ఒక వర్తక కంపెనీ పుట్టింది. వర్తకులే కాక సామాన్య గృహస్థులు కూడా అందులో డబ్బు పెట్టి వాటాలు కొనుక్కున్నారు. కొద్ది సంవత్సరాలకే ఆ కంపెనీ ఓడలు బందరుకు వచ్చి వర్తక స్థావరం పెట్టాయి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ‘గ్లోబ్’ అనే ఓడలో వచ్చింది. వాళ్ళకు కావలసింది మన బట్ట. మన నేతగాళ్ళు నేసిన గుడ్డ, మన అద్దకంవారు రంగులద్దిన కలంకారీ.

ఆ వ్యాపారం బయానా మీద నడిచేది. దళారీ ముందుగా డబ్బు ఇచ్చేవాడు. నేతగాడు దానితో నూలు కొని, ఇల్లు గడుపుకుని, తర్వాత బట్ట ఇవ్వాలి. డబ్బు ముందు చేతిలో పడడం సుఖంగానే ఉంటుంది. కానీ బయానా తీసుకున్నవాడికి తన బట్టను ఎవరికి అమ్మాలో, ఏ ధరకు అమ్మాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తగ్గిపోతుంది. లాభం తీసుకునే వాటాదారు ఆమ్‌స్టర్‌డామ్‌లోనో లండన్‌లోనో ఉంటాడు. మగ్గం ముందు కూర్చున్న మనిషి ముఖం అతడు జన్మలో చూడడు. అతడు దుర్మార్గుడు కానక్కరలేదు. ఆదివారం చర్చికి వెళ్ళి భక్తిగా కానుక వేసే మంచి మనిషే కావచ్చు. ముఖం కనబడదు, అంతే. ముఖం కనబడని చోట జాలి పుట్టడం కష్టం.

అదే రేవుకు 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు యువ మిషనరీలు వచ్చారు. నోబుల్ గారు ఇక్కడే బడి పెట్టి, ఇక్కడే పాఠాలు చెప్పి, 1865లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన తన విద్యార్థుల ముఖాలు చూశాడు. ఒకే సముద్రం మీద ఒకే దేశం నుంచి రెండూ వచ్చాయి. రెండింటి వారసత్వమూ మన మీద ఉంది.

పెట్టుబడి అంటేనే పాపమని మేము చెప్పడం లేదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఈ బందరులోనే ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఈ ప్రాంతపు పొదుపు ఈ ప్రాంతపు పంటకు, చదువుకు, వ్యాపారానికి ఉపయోగపడాలన్నది ఆ కాలపు ఆశయం. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యే దాకా ఆ పేరు మన ఊళ్ళ బోర్డుల మీద ఉంది. అంతకు ముందే 1860లలో జర్మనీలో రైఫైజన్ అనే ప్రొటెస్టెంటు విశ్వాసి, గ్రామాధికారిగా ఉంటూ, అప్పుల్లో మునిగిన రైతుల కోసం సహకార పరపతి సంఘాలు పెట్టాడు. మన మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి ఆ పద్ధతిని అధ్యయనం చేసి నివేదికలు ఇచ్చాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మన ఊరి సొసైటీ మూలం అక్కడుంది.

గమనించండి. రైఫైజన్ సంఘాల్లో కూడా ఒకరికొకరు పూచీ ఉండేవారు. కాని అక్కడ అప్పిచ్చేది పొరుగువారే, తీసుకునేది పొరుగువారే, మిగిలిన లాభం ఆ ఊళ్ళోనే ఉండేది. ఒకడు కట్టలేకపోతే ఎందుకు కట్టలేకపోయాడో తెలిసిన మనుషులే కూర్చుని నిర్ణయించేవారు. పూచీ పడడం చెడ్డది కాదు. ఎవరి లాభం కోసం, ఎవరి ముఖం చూసి పూచీ పడుతున్నామన్నదే ప్రశ్న.

ఉదయం నుంచి రాత్రి దాకా

ఇప్పుడు మన డెల్టాలో ఒక సాధారణ విశ్వాసి దినచర్య చూద్దాం. బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని చేసే ఇల్లాలు తెల్లవారకముందే దీపం వేసుకుని గొలుసు లింకులు అల్లుతుంది. ఆమెకు జీతం లేదు, ఎన్ని అల్లితే అంత కూలి. కాబట్టి కుటుంబ ప్రార్థనకు కూర్చున్న పది నిమిషాలకు కూడా ఆమె మనసులో ఒక ధర ఉంది. ‘ఈ పాటికి ఇంకో నాలుగు అయ్యేవి’ అనిపిస్తుంది. అలా అనిపించినందుకు ఆమే బాధపడుతుంది.

బందరు నుంచి గుడివాడ వైపు వెళితే వరి చేలు. అక్కడి కౌలు రైతు నాట్లు వేయకముందే ఎకరానికి ఎన్ని బస్తాలు కౌలు ఇవ్వాలో ఒప్పుకుని ఉంటాడు. కౌలుదారుగా కాగితం లేకపోతే బ్యాంకు అప్పు అందదు. ఎరువుల కొట్టువాడో ధాన్యం వ్యాపారో పెట్టుబడి పెడతాడు. పంట వచ్చాక ధాన్యం అతడికే వేయాలి. ధర అడిగే నోరు అప్పటికే మూతపడి ఉంటుంది. నాలుగు శతాబ్దాల కిందటి నేతగాడి బయానా పేరు మార్చుకుని పొలం గట్టు మీద నిలబడినట్టుంటుంది.

ఇంకా దిగువకు, పులిగడ్డ దాటి దివిసీమలోకి వెళితే రొయ్యల చెరువులు. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో 1990లలో టైగర్ రొయ్యతో మొదలైన ఆశ, తెల్లమచ్చ వ్యాధితో కూలిపోయింది. 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చాక ఆ ఆశ మళ్ళీ లేచింది. మేత అరువు మీద వస్తుంది. రొయ్య ధర కౌంటు మీద తేలుతుంది. ఆ ధరను నిర్ణయించేది చెరువు గట్టు మీద కాపలా పడుకున్న మనిషి కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ దెబ్బ మన కోస్తా రొయ్యల రైతుకు తగిలింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే కోడూరులో ఒక ఇంట్లో పిల్ల ఫీజు ఆగిపోయే కాలంలో బతుకుతున్నాం.

ఈ ముగ్గురి చేతుల్లోనూ ఫోను ఉంది. 2020 తర్వాత ఆ ఫోనులోకే అప్పు వచ్చింది. యాప్ దించుకుంటే నిమిషాల్లో డబ్బు. కానీ అది మొదట అడిగేదేమిటి? మన ఫోనులోని పేర్ల జాబితా. వాయిదా తప్పితే ఆ జాబితాలోని అన్నకు, బావకు, పాస్టరు గారికి ఫోన్లు వెళ్ళేవి. పరువు తీసే సందేశాలు వెళ్ళేవి. ఎందరో ఆ అవమానంతో కుంగిపోయారు. చివరికి 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులపై నియమాలు ఇస్తూ, యాప్‌లు మన ఫోనులోని పేర్ల జాబితాను చూడకూడదని చెప్పవలసి వచ్చింది. అయినా దొంగ యాప్‌లు నియమాలకు లోబడవు. చాప పోయి ఫోను వచ్చినా తాకట్టు మాత్రం మారలేదు. ఇక్కడా తాకట్టు మనల్ని ప్రేమించేవారే.

మన ప్రార్థన విన్నపాలు ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకప్పుడు వాన కోసం, పంట కోసం, జబ్బుపడ్డవారి కోసం చీటీలు వచ్చేవి. ఇప్పుడు ‘ఈ నెల గట్టెక్కాలి’ అన్నదే ఎక్కువ విన్నపాల సారాంశం. దేవుడు ఇశ్రాయేలీయులకు మన్నాను ఏ రోజుకు ఆ రోజు ఇచ్చాడు. మనం ఇంకా రాని పన్నెండు నెలలను, ఇరవై నాలుగు నెలలను ముందే ఎవరికో రాసిచ్చేశాం. రేపటిని గూర్చి చింతించవద్దని ప్రభువు చెప్పినప్పుడు వినాలని మనకూ ఉంటుంది. కాని ఆ రేపు మన చేతిలో లేదు.

వాక్యం ఏమంటోంది?

అప్పుల సంగతి దేవునికి పట్టదని ఎవరైనా అనుకుంటే ధర్మశాస్త్రం తెరిచి చూడాలి. బీదవాని పైబట్టను తాకట్టుగా తీసుకుంటే పొద్దుగుంకేలోగా తిరిగి ఇచ్చేయమని దేవుడు ఆజ్ఞాపించాడు (నిర్గమ 22:26, 27). రాత్రి చలికి కప్పుకోవడానికి అతనికి అదే గతి. తిరగటిని గానీ దాని పైరాతిని గానీ తాకట్టు పెట్టించుకోకూడదన్నాడు (ద్వితీయోపదేశ 24:6). తిరగలి పోతే ఆ ఇంట రొట్టె పోతుంది. అంటే బతుకుకు ఆధారమైనదాన్ని తాకట్టుగా ముట్టుకోవద్దని అర్థం. మన పేటల్లో బతుకుకు ఆధారం ఏది? కష్టం వస్తే పలికే పొరుగు. దాన్ని తాకట్టు పట్టడం తిరగలిని తీసుకుపోవడమే.

నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ కడుతున్నవారి ఇళ్ళలోనే ఏడుపు మొదలైంది (నెహెమ్యా 5). పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టామని, పిల్లలను దాస్యానికి పంపవలసి వస్తోందని స్త్రీలూ పురుషులూ మొరపెట్టారు. అప్పిచ్చినది పరాయివారు కాదు, సొంత సహోదరులు. వాళ్ళు తీసుకున్న వడ్డీ నూరవ వంతు అని వాక్యంలో ఉంది. అది నెలకు అని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. మన ఊళ్ళ భాషలో నూటికి రూపాయి వడ్డీ అన్నమాట. మనం ‘ధర్మవడ్డీ’ అని మురిసిపోయే వడ్డీ మీదే నెహెమ్యా మండిపడ్డాడు. అంతకన్నా గొప్ప సంగతి, తానూ తన బంధువులూ అప్పిచ్చినవారిలో ఉన్నామని ఆయన సభ ముందు ఒప్పుకున్నాడు. ముందు తన చేతిని చూపించి తర్వాత ఇతరుల చేతులను అడిగాడు. పొలాలు ఆ రోజే తిరిగి ఇవ్వమన్నాడు. గోడ కట్టడం ఎంత పవిత్రమైన పనైనా, దానికోసం ఆ మొర వినకుండా దాటిపోలేదు.

ఎలీషా దగ్గరికి వచ్చిన విధవరాలి కథ మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు (2 రాజులు 4). ఆమె ప్రవక్తల శిష్యుని భార్య, అంటే దైవసేవకుని కుటుంబమే. అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ప్రవక్త ఆమెను ఇరుగుపొరుగు దగ్గరికే పంపాడు. హామీ సంతకాల కోసం కాదు, ఖాళీ పాత్రల కోసం. ఎవరికీ భారం కానిది, ప్రతి ఇంట్లోనూ ఉండేది. వారిచ్చిన ఖాళీ పాత్రలు దేవుని నూనెతో నిండాయి. అప్పు తీరింది. మిగిలినదానితో బతుకు సాగింది. దేవుడు పొరుగును వాడుకునే పద్ధతికీ అప్పులవాడు వాడుకునే పద్ధతికీ ఉన్న తేడా ఇక్కడ కనబడుతుంది.

మన తెలుగు బైబిలులో ‘పూటకాపు’ అని ఒక పాతమాట ఉంది. ఇంకొకరి అప్పుకు జామీను నిలిచేవాడని అర్థం. పొరుగువానికి పూట పడి చిక్కుకున్నావా, నిద్రపోకుండా వెళ్ళి విడిపించుకో అని సామెతలు హెచ్చరిస్తాయి (6:1–5). కాని అదే బైబిలులో పౌలు, పారిపోయిన ఒనేసిము కోసం తనంతట తానే పూట పడ్డాడు. అతడు బాకీ ఉన్నదంతా నా లెక్కలో వేయి అని ఫిలేమోనుకు స్వహస్తంతో రాశాడు. సామెతల హెచ్చరిక తెలియక కాదు. ఎవరూ బలవంతం చేయకుండా, లాభం ఆశించకుండా, ఒక మనిషిని సహోదరునిగా తిరిగి నిలబెట్టడానికి అలా చేశాడు. హెబ్రీ పత్రిక మరింత ముందుకు వెళ్ళి మన ప్రభువైన యేసునే శ్రేష్ఠమైన నిబంధనకు పూటకాపు అంటుంది (7:22). మన బాకీ ఆయన తన మీద వేసుకున్నాడు. వేసుకున్నాక మనవైపు అసహ్యంగా చూడలేదు, మనలను వసారాలో కూర్చోబెట్టి పరువు తీయలేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మన తెలుగువారు ప్రతి ఆదివారం ‘ఋణం’ అన్న మాటే పలుకుతాం. పాపాన్ని అప్పుతో పోల్చిన ఆ మాటను నోటితో ఎన్ని వేలసార్లు అన్నామో! పక్క బల్లలో కూర్చున్నామె నిజమైన అప్పు గురించి ఒక్కసారైనా అడిగామా?

మన బల్లల దగ్గరే మొదలు

ముందు మన చేతులే చూసుకోవాలి. సంఘంలో పెద్దలుగా ఉంటూ తోటి విశ్వాసులకు నూటికి మూడు, అయిదు రూపాయల వడ్డీకి ఇచ్చేవారు లేరా? ప్రాంసరీ నోటు మీద సంతకం పెట్టించుకున్న చేత్తోనే ప్రభు బల్ల ముట్టుకుంటున్నవారు లేరా? క్రిస్మసుకు ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు లేకపోతే గుడికి రావడానికి సిగ్గుపడే పరిస్థితిని మనమే తెచ్చాం. పెళ్ళి విందు ఎంత పెద్దదైతే అంత దీవెన అన్నట్టు మాట్లాడుతున్నాం. కానుకలిచ్చినవారి పేర్లు, అంకెలు మైకులో చదివినప్పుడు, ఇవ్వలేనివారు తల వంచుకుంటున్నారని గమనించలేదు. ‘విశ్వాసం ఉంటే అప్పు ఎందుకవుతుంది?’ అని ప్రసంగ పీఠం నుంచి వచ్చే మాట, వసూలు కుర్రవాడి మాటకన్నా లోతుగా గుచ్చుకుంటుంది.

చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. మన అమ్మమ్మలు అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం పక్కన డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. చాలా సంఘాల్లో ఆ బియ్యాన్ని ఇప్పుడు వేలం వేసి ఖాతాలో కలుపుతున్నారు. ఆ పిడికెడు బియ్యం మీదనే, వడ్డీ లేని చిన్న సహాయ నిధి ఒకటి ప్రతి స్త్రీల సమాజమూ ప్రారంభించవచ్చు. ఒక ఇంటి ఒక నెల వాయిదా తప్పకుండా ఆదుకుంటే చాలు. ఎవరికిచ్చామో ఎవరికీ చెప్పనక్కరలేదు. తిరిగి ఇవ్వగలిగినప్పుడు ఇస్తారు, ఇవ్వలేకపోతే బియ్యం మళ్ళీ పోగవుతాయి.

హక్కులు తెలిసినవారు తెలియనివారికి చెప్పాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, సూక్ష్మ రుణం తీసుకున్న ఇంటి నెలవారీ ఆదాయంలో సగానికి మించి అప్పుల వాయిదాలకు పోకూడదు. వసూలుకోసం ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేయకూడదు. బంధువులను, స్నేహితులను వేధించకూడదు. పేర్లు నలుగురిలో బయటపెట్టకూడదు. ఈ నాలుగు మాటలు గుడి నోటీసు బోర్డు మీద రాసి పెడితే, అది కూడా సేవే. సంఘంలో లెక్కలు తెలిసిన బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు ఆదివారం ఆరాధన తర్వాత అరగంట కూర్చుని, అప్పు కాగితం చదివి చెప్పవచ్చు. సంతకం పెట్టకముందు చదివించుకుంటే ఇంకా మేలు.

అప్పు తీసుకునేవారికీ ఒక మాట. అవసరానికి తీసుకునే అప్పు వేరు, పక్కింట్లో ఉందని తీసుకునే అప్పు వేరు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో మన మనస్సాక్షికి తెలుసు. ఇంట్లో భార్యాభర్తలు కలిసి ప్రార్థించి, కలిసి లెక్క వేసుకున్నాకే సంతకం పెట్టండి. ఒకరికి తెలియకుండా ఒకరు తెచ్చిన అప్పులే ఎక్కువ ఇళ్ళను కూల్చాయి. తీరలేని అప్పు ఉంటే దాచవద్దు. ప్రాణం కన్నా ఏ వాయిదా పెద్దది కాదు. అయ్యగారికో, అమ్మగారికో, నమ్మకమైన ఒక పెద్దకో చెప్పండి. వినేవారు ఆ మాటను తమ గుండెలోనే ఉంచుకోవాలి.

ఖాళీ చోటు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. ఆ రాత్రిని చూసిన పెద్దలు ఇంకా మన సంఘాల్లో ఉన్నారు. వచ్చే ఆదివారం వారి పక్కన కూర్చుని ఒక్కమాట అడగండి. నీళ్ళు తీశాక మొదటి ముద్ద ఎవరు పెట్టారు? కప్పుకోవడానికి గుడ్డ ఎవరిచ్చారు? తిరిగి ఎంత అడిగారు? వారు చెప్పేది ఓపిగ్గా వినండి. పొరుగు అంటే ఏమిటో ఏ ప్రసంగంకన్నా బాగా తెలుస్తుంది.

ఇప్పటి ఉప్పెనకు శబ్దం లేదు. అది ఒక్కో ఇంట్లోకి ఒక్కో వారం వస్తుంది. గుమ్మం మీద తడి కనబడదు. ఆదివారం బల్ల మీద ఒక చోటు ఖాళీ అవుతుంది, అంతే. ఆ చోటును చూసి ‘ఒంట్లో బాగాలేదట’ అనుకుని ఊరుకోవడం మేము చేసిన తప్పు. మీరు చేయవద్దు. ఆరాధన అయ్యాక నేరుగా ఇంటికి పోకుండా ఆ ఇంటి దాకా నడవండి. ఉపదేశం వద్దు. పెరట్లో కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగండి. వదినా, ఏమైందని అడగండి. ఆమె చెప్పేదాకా ఆగండి.

మన బాకీని తన మీద వేసుకున్న పూటకాపు మనల్ని అడిగేది ఇదే. ఒకరి భారాలు ఒకరు మోయమని గలతీ సంఘానికి పౌలు రాసిన మాటకు (6:2) మన పేటల్లో అర్థం ఇంతే. పై వారం ఆ చోట ఆమె కూర్చుని, వదినతో కలిసి ఒకే పాటల పుస్తకంలో చూసి పాడితే, ఆ రోజు మన ఆరాధన నిండినట్టు.